సర్పగంధి వేరు, రక్తపోటు లక్ష్యం

అరకు, పాడేరు ప్రాంతాల తూర్పు కనుమల అడవుల్లో సర్పగంధి అనే చిన్న పొద పెరుగుతుంది. పాముకాటుకు, మతిభ్రమణకు దాని వేరును వాడడం మన దేశంలో అనాదిగా ఉన్న సంప్రదాయం. ఈనాటి రక్తపోటు చికిత్స చరిత్రలోని తొలి అధ్యాయాలలో ఒకటి ఆ వేరుతోనే మొదలైందని చాలామందికి తెలియదు.

రక్తపోటును కొలిచే చేతిపట్టీని ఇటలీ వైద్యుడు రివా రోచీ 1896లో రూపొందించాడు. అయితే కొలవగలిగినా తగ్గించే మందు లేదు. వయసుతోపాటు రక్తపోటు పెరగడం శరీరానికి అవసరమేనని, దానిని తగ్గించరాదని నమ్మిన వైద్యులు కూడా అనేకులు ఉండేవారు.

ఈ స్థితిలో 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ తన అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక ప్రపంచం దృష్టి దానిపై పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు.

మందు చేతికి వచ్చింది కనుక, దానివల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్న మిగిలింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రైస్ బృందం జరిపిన పరిశోధన 1967లో దానికి జవాబు చెప్పింది. కింది అంకె 115 నుంచి 129 వరకు ఉన్న 143 మంది పురుషులు అందులో పాల్గొన్నారు. రిసర్పిన్‌తో కూడిన మందులు వాడినవారిలో ఇద్దరికి, మందులేని ఉత్తి మాత్రలు వాడినవారిలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు కలిగాయి.

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటాం. అసలు పాఠం 1979లో వచ్చింది. అమెరికాలోనే దాదాపు 11 వేల మందితో జరిగిన మరో పరిశోధనలో సగంమందిని తమ మామూలు వైద్యుల వద్దకే పంపారు. మిగిలినవారికి ప్రత్యేక కేంద్రాలలో చికిత్స జరిగింది. అక్కడ చేరవలసిన అంకె ముందే నిర్ణయించారు. అది అందకపోతే ఒక మెట్టు పెంచి మరో మందు చేర్చేవారు. రెండవ మెట్టులో రిసర్పిన్ ఉండేది. మందులు ఉచితంగా ఇచ్చేవారు. ఐదేళ్లలో ఈ కేంద్రాలకు వచ్చినవారిలో మరణాలు 17 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఆ కాలపు మందులు ఇరుపక్షాల వైద్యులకూ అందుబాటులో ఉన్నవే. లక్ష్యం పెట్టుకొని, దానిని చేరేవరకు రోగిని విడిచిపెట్టకపోవడమే తేడా తెచ్చింది.

మన దేశంలో 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కూడా ఇదే మార్గంలో నడిచింది. తొలిదశ రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే సరళమైన చికిత్సా క్రమం, ఊరికి దగ్గరలో మందులు, ప్రతి రోగికి ఒక రికార్డు దాని ముఖ్యాంశాలు.

కొండ ప్రాంతాలలో ఈ పాఠం మరింత అవసరం. బీపీ ఎక్కువగా ఉన్నా సాధారణంగా ఏ బాధా తెలియదు. ఏ బాధా లేని మనిషి కొండ దిగి, కూలి పోగొట్టుకొని మాత్రల కోసం ఎందుకు వస్తాడు? అతనికి నీతులు చెప్పడంకన్నా, ఊరికి వచ్చే ఆరోగ్య కార్యకర్త చేతిలో బీపీ పరికరం, సరిపడా మాత్రలు ఉంచడం మేలు.

పాఠకులారా, చాలామందికి లక్ష్యం 140/90 కంటే తక్కువ. కొందరికి ఇంకా తక్కువ అవసరమని వైద్యుడు చెప్పవచ్చు. మీ అంకె ఎంతో, ఎంత ఉండాలో అడిగి కాగితంపై రాసుకోండి. లక్ష్యం అందకపోతే ఏ మార్పు చేయాలో వైద్యుని అడగండి. అంకె బాగుందని మాత్రలు మానకండి. అది బాగుండడానికి సాధారణంగా ఆ మాత్రలే కారణం. సర్పగంధి వేరును మాత్రం సొంతంగా వాడవద్దు. మనసును కుంగదీసే గుణం వంటి దుష్ఫలితాల వల్లనే రిసర్పిన్ వాడకం తగ్గి, మెరుగైన మందులు దాని స్థానంలోకి వచ్చాయి.