సర్పశాలలకు ఐబీడీ ముప్పు.. ముందుజాగ్రత్తే మందు

పైకి ఆరోగ్యంగా కనిపించే ఒక్క పాము వల్ల సర్పశాలలోని కొండచిలువలన్నీ ప్రాణాపాయంలో పడవచ్చు. బోవాలు, కొండచిలువలకు సోకే 'ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్' అనే వైరస్ వ్యాధికి నేటికీ చికిత్స లేదు, టీకా లేదు. సంక్షిప్తంగా ఐబీడీ అని పిలిచే ఈ వ్యాధి విషయంలో నివారణ ఒక్కటే మార్గం.

వైరస్ గుర్తింపు: 1970 దశకం నుంచి పెంపకందారులకు ఈ వ్యాధి తెలిసినా కారణం అంతుచిక్కలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గల స్టైన్‌హార్ట్ అక్వేరియం పాములకు ఇది సోకగా, అదే నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నమూనాలను పరిశీలించి 2012లో అరీనావైరస్ కుటుంబానికి చెందిన కొత్త వైరస్‌లను గుర్తించారు.

లక్షణాలు: మింగిన ఆహారాన్ని కక్కివేయడం, బరువు తగ్గడం, తల వణకడం, తల పైకెత్తి అలాగే ఉండిపోవడం, వెల్లకిలా తిప్పితే తిరిగి బోర్లా పడలేకపోవడం ప్రధానమైనవి. 2017లో వెలువడిన ప్రయోగ ఫలితాల ప్రకారం, వైరస్ ఎక్కించిన బాల్ పైథాన్‌లు సుమారు రెండు నెలల్లోనే తీవ్రమైన నాడీ రుగ్మతకు గురయ్యాయి. బోవాలు మాత్రం శరీరంలో వైరస్ ఉన్నప్పటికీ రెండేళ్లపాటు ఏ లక్షణమూ చూపలేదు. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

వ్యాప్తి: తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వైరస్ సంక్రమిస్తుంది. పొలుసుల సందుల్లో చేరి రక్తం పీల్చే సన్నని నల్లులు కూడా దీనిని మోసుకుపోతాయన్న అనుమానం బలంగా ఉంది.

నివారణ చర్యలు: కొత్తగా తెచ్చిన పామును కనీసం 90 రోజులు, బోవా అయితే వీలైనంతవరకు ఆరు నెలలు వేరొక గదిలో ఉంచాలి. అదే గదిలో మరో పెట్టెలో ఉంచినంత మాత్రాన వేరుచేసినట్లు కాదు. నీటి తొట్టి, పట్టుకర్ర, సంచి వంటి సామగ్రిని దానికి ప్రత్యేకంగా కేటాయించాలి. రోజూ పాత పాముల పని ముగించిన తర్వాతే కొత్త పాము వద్దకు వెళ్లాలి. అనంతరం చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సామగ్రిని శుభ్రంగా కడిగి, బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. నల్లులను మొదట్లోనే నిర్మూలించాలి. బోవాలను, కొండచిలువలను ఒకే గదిలో పెంచరాదు.

రక్త పరీక్షలో ఒకసారి వైరస్ లేదని తేలినా నిశ్చింతగా ఉండరాదు. కొంత వ్యవధి తర్వాత మళ్లీ పరీక్షించాలి. పాము మరణిస్తే పశువైద్యునిచే శవపరీక్ష చేయించాలి. వ్యాధి నిర్ధారణ అయిన పామును అమ్మడం, ఇతరులకు ఇవ్వడం, పిల్లల కోసం జతకట్టించడం, అడవిలో వదిలివేయడం ఎంతమాత్రం తగదు.