పల్లకి దిగమన్న దారి: కుమావూన్, గఢ్వాల్ చిన్న పట్టణాల చరిత్రలో శిల్పకారులు

ఉత్తరాఖండ్ కొండల్లోని చిన్న పట్టణాల గురించి రాసినవాటికి కొదవ లేదు. తెల్లదొరల గెజిటీర్లున్నాయి, యాత్రికుల పుస్తకాలున్నాయి, పర్యాటక శాఖ కరపత్రాలున్నాయి. ఊరు ఎంత ఎత్తున ఉంది, ఏ నదుల సంగమంలో ఉంది, ఏ గుడి ఎంత పాతది, ఎక్కడ నిలబడితే మంచుకొండలు బాగా కనిపిస్తాయి అన్నీ చెబుతారు. ఆ గుడికి రాయి చెక్కింది ఎవరు, ఆ బజారులో అమ్మే రాగి బిందె కొట్టింది ఎవరు, ఆ బిందెతో నీళ్లు తోడుకునే హక్కు ఎవరికి లేకుండా పోయింది అన్న ప్రశ్నలు మాత్రం వాటిలో కనపడవు. కొండల మీద కులం అంత గట్టిగా ఉండదని, అక్కడ అంతా కష్టజీవులేనని ఒక మాట కూడా ప్రచారంలో ఉంది. ఈ మాట ఎంత నిజమో చూడడానికి మేం ఐదు పట్టణాలను తీసుకున్నాం. ఇవి పెద్ద ఊళ్లేం కావు. అయితే దళితుల చరిత్రలో ఒక్కోదానికి ఒక్కో తారీఖు ఉంది.

ముందు కొంచెం నేపథ్యం చెప్పాలి. కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాల్లో సమాజాన్ని పాతకాలం నుంచీ రెండుగా చీల్చారు. భూమి, గుడి, రాజ్యం చేతిలో ఉన్న బ్రాహ్మణ, రాజపుత్రులు ‘బిఠ్’లు. మిగిలిన చేతిపనుల వాళ్లందర్నీ కలిపి ‘డోమ్’ అన్నారు. అది పేరు కాదు, తిట్టు. ఆ ఒక్క తిట్టు కింద రాగిపని చేసే టమ్టాలు, ఇనుపపని చేసే లోహార్లు, రాతి గోడలు కట్టే ఓడ్‌లు, నేతపని చేసే కోలీలు, బుట్టలల్లేవాళ్లు, ఢోలు, దమావ్ వాయించే దాసులు, బాజ్‌గీలు అందరూ ఉన్నారు. మన దగ్గర కంచరి, కమ్మరి, వడ్రంగి కులాలు అంటరాని కులాలు కావు కదా. అక్కడ మాత్రం రాగి కొట్టిన చెయ్యీ, ఇనుము కొట్టిన చెయ్యీ అంటరానివే. నాగలి పట్టడం తక్కువతనమనుకున్న బ్రాహ్మణుల పొలాల్లో నాగలి పట్టి దున్నింది కూడా వీళ్లే. వాళ్లను ‘హలియా’ అన్నారు. మన పాలేరు జీతానికి, హలియా బతుకుకు పెద్ద తేడా లేదు. 1815లో గూర్ఖాల నుంచి ఈ కొండలు కంపెనీ చేతికొచ్చాయి. రాజులు మారారు, పట్టాలు మారాయి గానీ దున్నేవాడి పేరు మాత్రం భూమి కాగితంలోకి ఎక్కలేదు.

అల్మోరా

చంద్ రాజుల రాజధాని అల్మోరా. రాగి సామాన్లకు ఇప్పటికీ ఆ ఊరి పేరే చెబుతారు. ఆ పేరు తెచ్చింది టమ్టాలు. వాళ్లు చేసిన బిందె పై కులాల వంటింట్లో పూజకు పనికొచ్చేది. అందులో నీళ్లు నింపాక చేసినవాడే ముట్టుకుంటే మైల. పనితనం పవిత్రం, పనివాడు అపవిత్రం అన్న ఈ న్యాయం మనకూ కొత్తది కాదు.

కాకపోతే పట్టణం అన్నాక బజారుంటుంది, బడి ఉంటుంది, అచ్చుయంత్రం ఉంటుంది. పల్లెలో హలియాకు దొరకని జాగా టమ్టాలకు అల్మోరాలో కొంత దొరికింది. 1887లో పుట్టిన హరిప్రసాద్ టమ్టా ఆ జాగాలోంచే లేచాడు. 1905లో టమ్టా సుధార్ సభ పెట్టాడు. మొదట ఒక్క కులానిదిగా మొదలైన పని తర్వాత చేతిపనుల కులాలన్నిటినీ కలిపే పనిగా పెరిగింది. ‘డోమ్’ అన్న తిట్టు పోవాలి, ‘శిల్పకారులు’ అన్న పేరు సర్కారు కాగితాల్లోకి రావాలి. ఇదీ వాళ్ల కోరిక. ఇరవై ముప్పై ఏళ్లు అర్జీలు పెట్టి, సభలు జరిపి ఆ పేరు సాధించుకున్నారు. పేరు మారితే ఏమవుతుందని తేలిగ్గా తీసేసేవాళ్లకు ఒక్కటే చెబుతాం. మాల, మాదిగ అన్న మాటలను తిట్లుగా వాడే సమాజంలో ఉండి, ‘ఆది ఆంధ్ర’ అని మనవాళ్లు 1917లో బెజవాడలో ఎందుకు ప్రకటించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. రెండూ దాదాపు ఒకే కాలంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే జరిగిన పనులు కావచ్చు. పుండు మాత్రం ఒకటే.

అల్మోరాలో 1871 నుంచి ‘అల్మోరా అఖ్బార్’, 1918 నుంచి ‘శక్తి’ పత్రిక వచ్చాయి. జాతీయోద్యమ చరిత్రలో వీటికి పెద్ద పీట ఉంది. 1934లో అదే ఊరి నుంచి హరిప్రసాద్ టమ్టా ‘సమతా’ తెచ్చాడు. శిల్పకారుల్లో మొదటి పట్టభద్రురాలైన లక్ష్మీదేవి టమ్టా దాని సంపాదకురాలిగా పనిచేసింది. ఒక కొండ పట్టణంలో, ఆ రోజుల్లో, ఒక దళిత స్త్రీ పత్రిక నడపడం చిన్న విషయమా? అయినా పత్రికల చరిత్ర రాసేవాళ్లకు మొదటి రెండు పేర్లు నోటికొచ్చినంత తేలిగ్గా మూడోది రాదు.

బాగేశ్వర్

సరయూ, గోమతి నదులు కలిసే చోటు బాగేశ్వర్. సంక్రాంతికి అక్కడ ఉత్తరాయణి తిరునాళ్లు జరుగుతాయి. 1921 జనవరిలో ఆ తిరునాళ్లలోనే ‘కూలీ బేగార్’ రిజిస్టర్లను జనం సరయూలో పారేశారు. దొరలొస్తే వాళ్ల సామాన్లు మొయ్యాలి, పాలు, కట్టెలు, గడ్డి ఇయ్యాలి. ఆ వెట్టిని ఒక్కరోజులో నీళ్లపాలు చేశారు. బద్రీదత్ పాండే లాంటి నాయకులు ముందున్నారు. ఇది గొప్ప పోరాటమే. నెత్తురు చుక్క పడకుండా గెలిచిన వెట్టి వ్యతిరేక పోరాటాలు మన దేశంలో ఎక్కువ లేవు.

అయితే మేం అడిగేది ఒకటుంది. ఆ రిజిస్టర్లలో ఉన్నవి ఎవరి పేర్లు? సర్కారు వెట్టి ప్రధానంగా భూమి లెక్కన పడేది. ఊళ్లో భూమి ఉన్న రైతు పేరు రాసి, అతని వంతు కట్టేవాళ్లు. భూమే లేని శిల్పకారుడు ఊరి పెద్దకు చేసే వెట్టికి, హలియా దున్నకానికి, పెళ్లికి, చావుకి వాయించే ఢోలుకు రిజిస్టరే లేదు. రాయని వెట్టిని నదిలో ఎట్లా పారేస్తారు? సర్కారు నెత్తినపెట్టిన బరువు అవమానమని గుర్తించినవాళ్లు, తాము పక్కవాడి నెత్తిన పెట్టిన బరువును ఆచారం అన్నారు. ఆ తిరునాళ్లలో ఢోలు మోగకుండా ఉండదు. దేవుణ్ణి లేపేది ఢోలే. ఆ ఢోలు వాయించేవాడికి గుడి గడప లోపల చోటు ఉండేది కాదు. మాదిగ డప్పు లేకుండా జాతర సాగని మన ఊళ్లలో దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పౌరీ

గఢ్వాల్‌లో జిల్లా కేంద్రం పౌరీ. 1932 సెప్టెంబర్ 6న సంయుక్త రాష్ట్రాల గవర్నర్ మాల్కమ్ హేలీ అక్కడికొచ్చాడు. రాజభక్తులు సన్మానసభ పెట్టారు. ఆ సభలో ఒక మనిషి లేచి మూడు రంగుల జెండా చూపించి ‘గో బ్యాక్’ అని అరిచాడు. జైలుకు పోయాడు. ఆయన జయానంద్ భారతి. 1881లో పుట్టిన శిల్పకారుడు.

ఈ జెండా కథను స్వాతంత్ర్యోద్యమ పుస్తకాలు చెబుతాయి. అదే మనిషి అంతకు ముందూ, ఆ తర్వాతా ఏళ్ల తరబడి చేసిన ఇంకో పోరాటాన్ని ఒక వాక్యంలో తేల్చేస్తాయి. అది డోలా-పాల్కీ పోరాటం. శిల్పకారుల పెళ్లికూతురు డోలీలో, పెళ్లికొడుకు పల్లకిలో ఊరి దారిన పోకూడదన్నది పై కులాల కట్టుబాటు. 1920ల నుంచి ఆర్యసమాజం అండతో శిల్పకారులు ఈ కట్టుబాటును ధిక్కరించారు. ఊరేగింపుల మీద రాళ్లు పడ్డాయి, పల్లకీలు విరిగాయి, పెళ్లివాళ్లను గంటల తరబడి దారిలో ఆపేశారు. జంధ్యాలు వేసుకుని హిందువుల్లో గౌరవం తెచ్చుకోవాలన్న ఆర్యసమాజం దారి మీద మాకు పేచీ ఉంది. ఆ గౌరవం ఎంతవరకు వచ్చిందో చరిత్రే చెప్పింది. కానీ పల్లకి ఎక్కినవాళ్ల తెగువ మీద మాకు ఏ పేచీ లేదు.

ఈ గొడవ ఎంత ముదిరిందంటే 1941 మొదట్లో గాంధీ గఢ్వాల్‌లో వ్యక్తి సత్యాగ్రహాన్ని ఆపేయించాడు. పల్లకి సంగతి తేల్చుకోకుండా సత్యాగ్రహం చేసే అర్హత లేదన్నది దాని సారం. దేశమంతా సత్యాగ్రహం నడుస్తుంటే ఒక జిల్లాలో అది ఆగింది పెళ్లి పల్లకి కోసం. అప్పుడు గానీ కాంగ్రెస్ నాయకులు ఈ విషయం మీద గట్టిగా కదల్లేదు.

భికియాసైణ్

రామగంగ ఒడ్డున అల్మోరా జిల్లాలో చిన్న బజారు ఊరు భికియాసైణ్. దాని చుట్టుపక్కల ఉన్నది సల్ట్ ప్రాంతం. 1942 సెప్టెంబర్ 5న ఖుమాడ్‌లో పోలీసు కాల్పులకు ఎదురు నిలిచిన సల్ట్‌ను కుమావూన్ బార్డోలీ అని గర్వంగా చెప్పుకుంటారు. ఆ గడ్డ మీదే కఫల్టా ఉంది.

1980 మే 9న లోహార్ల పెళ్లి ఊరేగింపు ఒకటి కఫల్టా మీదుగా పోతోంది. గుడి ఉందని, పెళ్లికొడుకును పల్లకి దిగమని ఊళ్లో ఆడవాళ్లు అడిగారు. పెళ్లివాళ్లు ఒప్పుకోలేదు. సెలవు మీద వచ్చిన పై కులం సైనికుడొకడు పల్లకిని కిందకి తోశాడు. ఆ తోపులాటలో అతను చనిపోయాడు. ఆ తర్వాత జరిగింది తగాదా కాదు, వేట. పెళ్లివాళ్లు ఊళ్లోని ఒక దళితుడి ఇంట్లో దూరి తలుపులేసుకున్నారు. కప్పు పీకి, గడ్డి వేసి నిప్పంటించారు. ఆరుగురు లోపలే కాలిపోయారు. బయటికి పారిపోయినవాళ్లను పొలాల్లో తరిమి చంపారు. మొత్తం 14 మంది దళితులు.

సెషన్స్ కోర్టు అందర్నీ వదిలేసింది. హైకోర్టూ అదే ఖాయం చేసింది. చివరికి 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పుల్ని తిప్పికొట్టి నేరస్తులకు యావజ్జీవ శిక్ష వేసింది. పదిహేడేళ్లు పట్టింది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఆ రెండు కేసులూ కోర్టుల్లో ఎన్నేళ్లు నలిగాయో మనకు తెలుసు. అస్పృశ్యతా నేరాల చట్టం 1955లోనే వచ్చింది. చట్టం తహసీలు కచేరీ దాకా వచ్చి అక్కడే కూర్చుంటే, కొండదారి మీద నడిచే పెళ్లివాళ్లకు దానివల్ల ఏం ఒరిగింది?

చంపావత్

1997 సెప్టెంబర్‌లో మాయావతి ముఖ్యమంత్రిగా ఉండగా ఉత్తరప్రదేశ్‌లో కొత్త జిల్లాలొచ్చాయి. బాగేశ్వర్, చంపావత్ అట్లా జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు కచేరీ, కోర్టు, ఆసుపత్రి దగ్గరికి రావడం కొండల్లో మామూలు విషయం కాదు. ఒక దళిత స్త్రీ సంతకంతో ఆ సౌకర్యం అన్ని కులాలకూ అందింది. జిల్లా చరిత్రలు చెప్పేటప్పుడు ఈ సంగతి ఎంతమంది గుర్తు చేస్తారు?

ఇదే చంపావత్ జిల్లాలో సూఖీఢాంగ్ ఉంది. 2021 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి ఒక దళిత స్త్రీని పెడితే, పై కులాల పిల్లలు ఆమె వండిన అన్నం తినడం మానేశారు. నియామకం పద్ధతి ప్రకారం జరగలేదని అధికారులు ఆమెను తీసేశారు. ఆ తర్వాత దళిత పిల్లలు కూడా, పై కులం స్త్రీ వండితే మేమూ తినం అన్నారు. గొడవ దేశమంతా తెలిశాక ఆమెను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఇక్కడ పెద్దలు చెయ్యని పని పిల్లలు చేశారు. కంచం ముందు కూర్చుని, ఆకలి ఓర్చుకుని, మీరు చేసేదేమిటో మీకు మేం చూపిస్తాం అన్నారు. అల్మోరాలో అచ్చుయంత్రం చేసిన పని, పౌరీ దారుల్లో పల్లకి చేసిన పని, సూఖీఢాంగ్‌లో ఆ పళ్లాలు చేశాయి.

చిన్న రాష్ట్రం ఎవరిది?

ఈ ఐదు ఊళ్లు ఇప్పుడు ఒక చిన్న రాష్ట్రంలో ఉన్నాయి. 2000 నవంబర్ 9న ఆ రాష్ట్రం వచ్చింది. కొండల వెనుకబాటు నిజం, మైదాన ప్రాంత ప్రభుత్వాల నిర్లక్ష్యం నిజం, 1994లో ఖటీమా, ముస్సోరీ కాల్పులు, రాంపూర్ తిరాహా దగ్గర స్త్రీల మీద జరిగిన అత్యాచారాలు నిజం. వాటిని మేం తక్కువ చెయ్యం. కానీ 1994లో ఆ ఉద్యమం అంటుకున్నది దేని మీద? వెనుకబడిన కులాలకు 27 శాతం రిజర్వేషన్ మీద. ఆ పునాది మీద లేచిన రాష్ట్రంలో శిల్పకారులకు ఏం దక్కిందో లెక్క చూడాలి. 2011 జనగణన ప్రకారం అక్కడ షెడ్యూల్డ్ కులాలు 18.76 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. 2000 నుంచి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాళ్లంతా బ్రాహ్మణులో, ఠాకూర్లో. 2012లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే రిజర్వేషన్ లేకుండా పోస్టులు నింపాలని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ రాష్ట్రం కేసులోనే, ప్రమోషన్లలో రిజర్వేషన్ అడగడం ప్రాథమిక హక్కు కాదని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఇప్పుడు దేశంలోని దళిత ఉద్యోగులందరి మెడ మీదా ఉంది.

భౌగోళిక తెలంగాణ చాలదు, సామాజిక తెలంగాణ కావాలని మనవాళ్లు ఎందుకన్నారో ఉత్తరాఖండ్ చూస్తే తెలుస్తుంది. మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట 2014లో ఏమైందో కూడా మనకు తెలుసు. సరిహద్దు గీత మారితే కచేరీ దగ్గరికొస్తుంది. కచేరీ నుంచి ఇంటికి పోయే దారి ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. కొండల్లో ఆ దారి మీదే పల్లకి ఆగింది, ఆ దారి మీదే మనుషులు చచ్చారు.

విద్యార్థులకు, టీచర్లకు మేం చెప్పేది ఇది. మీ ఊరి చరిత్ర మీరే రాయండి. మండల కేంద్రమైనా, ఏజెన్సీ సంత ఊరైనా సరే. గుడి ఎవరు కట్టించారు అని శాసనం చెబుతుంది. ఎవరు కట్టారో ముసలివాళ్లను అడగండి. ఏ బావి ఎవరికి మూసేశారు, ఏ వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచారు, ఎవరి పెళ్లి ఊరేగింపు ఎక్కడ ఆగింది, ఏ సంవత్సరంలో ఎవరు ఆగనన్నారు అని అడిగి, పేర్లతో, తారీఖులతో రాసిపెట్టండి. సరయూలో పారేసిన రిజిస్టర్లలో మనవాళ్ల వెట్టి లేదు. కనీసం మనం రాసే రిజిస్టర్లలోనైనా అది ఉండాలి.