పెట్రోలు లారీకి గొలుసెందుకు?

పెట్రోలు మోయు లారీ వెనుక ఇనుప గొలుసొకటి నేలను రాచుకొనుచు పోవుట పలువురు చూచియే యుందురు. అది డ్రైవరు మరచి వదలినది కాదు, బుద్ధిపూర్వకముగా వ్రేలాడదీసినదే. దాని కథ తెలియవలెనన్న సుమారు మూడు వందల యేండ్లు వెనుకకు పోవలెను.

రుద్దిన సీమగుగ్గిలము ఎండుపొట్టును ఆకర్షించునని ప్రాచీన గ్రీకులకు తెలియును. వారు దానిని ఎలెక్ట్రాన్ అనిరి. ఎలక్ట్రిసిటీ అను మాటకు మూలమదియే. గాజు, గంధకము మొదలగు వానికిని ఈ గుణము కలదని ఆంగ్ల వైద్యుడు విలియం గిల్బర్టు 1600లో చూపెను. కాని ఈ విద్యుత్తు ఒకచోటినుండి మరియొకచోటికి ప్రవహించునని అప్పటికెవరును ఎరుగరు.

ఆ సంగతి 1729లో స్టీఫెన్ గ్రే కనుగొనెను. ఇతడు తొలుత బట్టలకు రంగులద్దువాడు. రుద్దిన గాజుగొట్టపు విద్యుత్తు పొడవైన దారము వెంబడి పోయి, దాని చివరనున్న దంతపు బంతిని చేరుచుండెను. దారమును పట్టునూలుతో వ్రేలాడదీసిరి. ఒకనాడు పట్టునూలు తెగిపోగా, దానికి బదులు ఇత్తడి తీగను కట్టిరి. తోడనే ప్రయోగము విఫలమయ్యెను! విద్యుత్తు తీగగుండ జారిపోయినదన్నమాట. పట్టు బంధకమనియు, లోహము వాహకమనియు ఇట్లు తేలినది. 1730లో గ్రే ఒక బాలుని త్రాళ్లతో నేలకంటకుండ వ్రేలాడదీసి, వానికి విద్యుదావేశము కలిగించెను. బాలుని శరీరము సన్నని ఇత్తడి రేకులను ఆకర్షించినది. మనిషి శరీరముకూడ విద్యుత్తును నిలువచేసికొనగలదని రుజువయ్యెను.

మోటారు బండిలో ప్రయాణించువాడు గ్రే వ్రేలాడదీసిన బాలునివంటివాడే. అచట త్రాళ్లు; ఇచట రబ్బరు. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. రబ్బరు మంచి బంధకము. టైరు దొర్లుచు రోడ్డును తాకి విడుచునపుడు ఆవేశము పుట్టును. అది నేలకు దిగుటకు దారి యుండదు. పెట్రోలు లారీకి గొలుసు కట్టుటకు కారణమిదియే.

తరువాత టైరు దృఢముగా నుండుటకై రబ్బరులో మసి కలుపసాగిరి. టైరు నలుపు దానివలననే. ఈ మసి వాహకమగుటచే ఆవేశము నేలకు దిగుటకు కొంత దారి దొరకినది. 1990 తరువాత, ఇంధనము ఆదా చేయుటకై మసికి బదులు సిలికాను ఎక్కువగా వాడుట ఆరంభమైనది. సిలికా బంధకము. కావున అట్టి టైర్లలో మసి కలిపిన సన్నని పట్టీ నొకదానిని నేలవరకు దించుట అవసరమైనది. గొలుసుకును పరిమితి కలదు: పొడిగానున్న రోడ్డే విద్యుత్తును సరిగా పోనీయనపుడు గొలుసేమి చేయగలదు? అందుచేతనే పెట్రోలును దింపునపుడు, గొట్టము తగిలింపకమునుపే, లారీని భూమితో తీగద్వారా కలుపుదురు.

మరి కారు దిగి తలుపు ముట్టుకొన్నపుడు చురుక్కుమనుటకు టైర్లే కారణమా? చాలమంది అట్లే తలతురు. నిజమునకు ఆ ఆవేశము మన దుస్తులు సీటుతో రాచుకొని విడివడుటవలన పుట్టినది. నైలాను బట్టలు, పొడిగాలి, రబ్బరు చెప్పులు కూడినపుడు ఇది మరింత ఎక్కువ. తేమగాలిగల తీరమున అరుదు. చలికాలపు పొడిగాలిలో తరచు.

ఇందు ప్రమాద మెంత? పొడిగాలిలో మన శరీరము 10,000 వోల్టుల వరకు పోవచ్చును. అపుడు వెలువడు శక్తి 7 లేక 8 మిల్లీజౌలులు మాత్రమే. కావున చురుక్కుమనుటే తప్ప ప్రాణభయము లేదు. కాని పెట్రోలు ఆవిరి గాలితో తగుపాళ్లలో కలిసినపుడు పావు మిల్లీజౌలు చాలును, మండుటకు! శరీరము 2,000 వోల్టులవద్ద నున్నను ఆపాటి శక్తి యుండును. ఆ రవ్వ మనకు తెలియనైనను తెలియకపోవచ్చును. చురుక్కుమనలేదు గనుక భయము లేదనుట పొరపాటు.

నివారణ సులభము. సీటునుండి లేవకమునుపే తలుపుచట్రపు లోహమును పట్టుకొని, కాలు నేల నానువరకు విడువరాదు. మరచినచో తాళపుచెవితో లోహమును తాకవలెను. రవ్వ చెవి కొనయందు పుట్టును గాని వ్రేలికి నొప్పి తెలియదు. పెట్రోలు బంకువద్ద గొట్టము చేపట్టువారు ముందుగా, దానికి దూరముగానున్న లోహమును ముట్టవలెను. పెట్రోలు పోయుచుండగా మరల బండిలో కూర్చుండి దిగరాదు.

స్థిర విద్యుత్తు పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలుకూడ చేర్చిన మేలు. గ్రే ప్రయోగమును చెరచిన ఇత్తడి తీగ పనినే ఇచట తలుపుచట్రము చేయుచున్నదని విద్యార్థి గ్రహించినచో, ఆ జాగ్రత్తను మరువడు.