పునాది నుంచి చిరునామా దాకా

తెలంగాణలో ఎవరైనా ఇల్లు కట్టుకోవాలనుకుంటే ముందు జాగ చూస్తారు. బేరం కుదిరితే బయానా ఇస్తారు. హద్దులు కొలిపించి బైనామా రాయించుకుంటారు. దస్తావేజు చేతికొచ్చాక నక్షా గీయించి, పునాది తీసి, మంచిరోజు చూసుకొని దర్వాజ నిలబెడతారు. ఇల్లు పూర్తయితే చిరునామా నలుగురికీ చెప్పుకుంటారు. కట్టుకునే తాహతు లేనివాళ్లు కిరాయికి ఉంటారు. తకరారు వస్తే కబ్జా ఎవరిదని పంచాయితీ నడుస్తుంది. చివరికి ఆ ఇల్లు వారసులకు పోతుంది.

పైన చెప్పిన జాగ, బయానా, హద్దు, బైనామా, దస్తావేజు, నక్షా, పునాది, దర్వాజ, చిరునామా, కిరాయి, తకరారు, కబ్జా, వారసుడు - ఈ మాటలన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకొచ్చి తెలుగైపోయినవే. సూర్యాపేట సంతలో ఏ చదువూ లేని రైతు కూడా వీటిని తన తల్లిభాషగానే పలుకుతాడు, అవి నిజంగా అతని తల్లిభాషే కూడా. అమ్మతో ఉర్దూలో మాట్లాడి, పత్రికకు తెలుగులో వార్త రాసే మాలాంటి వాళ్లకు ఇది సంతోషం కలిగించాల్సిన సంగతి. కానీ ఆ మాటలన్నింటినీ స్వీకరించిన ఊళ్లు, ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే మనుషులకు కిరాయికి రెండు గదులు ఇవ్వడానికి వెనకాడుతున్నాయి. ఈ వ్యాసం దాని గురించే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడూ పెద్ద పట్నాలు కావు, పల్లెలూ కావు. ఒకప్పుడు మూడూ ఉమ్మడి నల్లగొండ జిల్లావి. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ దాని కిందికి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మొదటి రెండూ హైదరాబాదు-విజయవాడ రహదారి మీద బతికే ఊళ్లు. మూడోది సాగర్ ఎడమ కాలువ నీళ్లతో, బియ్యం మిల్లులతో పెరిగిన ఊరు. ఈ ఊళ్లలో లారీల టింకరింగు, వెల్డింగు, పంక్చరు, టైలరింగు, పండ్ల బండి, మటన్ కొట్టు, ఆటో - ఇవన్నీ మావాళ్లు ఎక్కువగా కనిపించే పనులు. పొద్దంతా ఊరంతటికీ మేము కావాలి. రాత్రి పడుకునేచోటు అడిగితే మాత్రం ఊరికి మేము పరాయివాళ్లమవుతాం.

కాదనేవాళ్లు కూడా మర్యాదగానే కాదంటారు. తిట్టరు, తలుపు మొహాన వేయరు. “మాకేం పట్టింపు లేదు భాయ్, పక్కింటోళ్లే ఊకోరు” అంటారు. “నీసు వండనోళ్లకే ఇద్దామనుకుంటున్నం” అంటారు, వాళ్లింట్లో ఆదివారం నాటుకోడి ఉడుకుతున్నా సరే. ఫోనులో పేరు చెప్పకముందు ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పాక ‘నిన్ననే ఇచ్చేసినం’ అవుతుంది. మాలో మాస్టర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, విలేకరులున్నారు. అందరికీ ఈ మాట కొట్టినపిండే. కొనబోయినా అంతే. వెంచరులో ప్లాటు అడిగితే బేరం దాకా వచ్చి, ఇంటిపేరు లేని మా పేరు కాగితం మీద రాసే సమయానికి ధర పెరుగుతుంది, లేదా చివరి వరసలో నాలా పక్క ప్లాటు చూపిస్తారు.

అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: “మీరు ఏలినోళ్లు గదా.” చరిత్ర దగ్గరికి మేము వెళ్లాల్సింది ఇక్కడే.

ఏలింది ఎవరు? ఏలింది నిజాం, ఆయన జాగీర్దార్లు, వాళ్ల కింద దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. నల్లగొండ పల్లెల్లో వేల ఎకరాలు గుప్పిట్లో పెట్టుకున్న దొరల్లో ఎక్కువమంది హిందువులే. ఉర్దూలో లెక్కలు రాసిన పట్వారీలూ ఎక్కువగా హిందువులే. ఉర్దూ రాజ్యభాష అయింది కనుక మస్తాన్ రాజు కాలేదు. పల్లెలో మస్తాన్ దూది ఏకాడు, గుర్రబ్బండి తోలాడు, కచేరీ ముందు చప్రాసీగా నిలబడ్డాడు. మహా అయితే అమీను కింద జవాను. మజ్లిస్ నాయకులు ‘అనల్ మాలిక్’ నినాదమిచ్చి, ప్రతి ముసల్మానూ పాలకుడేనని నమ్మించజూశారు. కడుపు నిండని వాడికి అది కిరీటమని చెప్పిన కాగితపు టోపీ. దాని ఖర్చు మాత్రం పేదవాడే కట్టాడు.

ఆ నల్లగొండ జిల్లాలోనే, అప్పటి జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు ఉన్నాడు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన భూమి కోసం కోర్టుకెక్కాడు. కోర్టులో గెలిచి, దారిలో హతమయ్యాడు. ‘మా భూమి’ నాటకం ఆయన కథ నుంచే పుట్టింది. తెలంగాణ రైతాంగ పోరాటం ఆయనను తన తొలి అమరుల్లో లెక్క పెట్టుకుంది. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. కోదాడకూ మిర్యాలగూడకూ మధ్యనున్న హుజూర్‌నగర్, 1952లో జరిగిన ఉప ఎన్నికలో కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను అసెంబ్లీకి పంపింది. ఏలినోళ్ల లెక్కలో మమ్మల్ని కలిపేటప్పుడు ఈ ముగ్గురినీ ఎవరూ ఎందుకు తలచుకోరు?

రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని మేము దాచం. గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి గాయాలు మా గాయాలు కూడా. కానీ దాని తర్వాత జరిగింది చెప్పకుండా ఇళ్ల కథ అర్థం కాదు. 1948 సెప్టెంబరు 13న ‘పోలీసు చర్య’ మొదలైంది. బెజవాడ వైపు నుంచి వచ్చిన సైన్యం కోదాడ, సూర్యాపేట దారి పట్టింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, మహలు మహలుగానే ఉంది. పల్లెల్లో ముసల్మాను మీద మాత్రం పగ తీర్చుకున్నారు. భారత ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానమంతా తిరిగి, మొత్తం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అన్నింటికన్నా ఎక్కువ నష్టపోయాయి. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ కలిపి కనీసం 5 వేలమంది అని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది జనానికి చూడ దొరకలేదు.

పల్లెలో ఒకటో రెండో ముసల్మాను కుటుంబాలు ఉండేవి. భయంతో అవి కదిలాయి. తాళం వేసి పోయినవాళ్లు కొందరు, తాళం కూడా వేయకుండా పోయినవాళ్లు కొందరు. హైదరాబాదు చేరగలిగినవాళ్లు చేరారు. చేరలేనివాళ్లు తాలూకా ఊళ్లలో, మసీదు చుట్టూ, దర్గా చుట్టూ, ఖబరస్తాన్ పక్కన గుడిసెలు వేసుకున్నారు. మా మొహల్లాలు చాలావరకు ఇలా పెరిగినవే. ‘మీరంతా ఒక్కచోటే ఎందుకుంటరు’ అని ఇవాళ అడిగేవాళ్లకు ఇదే జవాబు: ఆ ఒక్కచోటు మేము ఎంచుకున్నది కాదు, మిగిలింది.

తర్వాత కచేరీల్లో ఉర్దూ పోయింది, దానితో చిన్నచిన్న కొలువులూ పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రెండూ మంచివే. కానీ పల్లె వదిలిన వాడికి కౌలు హక్కు ఏ పహాణీలో దొరుకుతుంది? 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరి మడులయ్యాయి. కోస్తా నుంచి రైతులొచ్చి కొన్నారు, మిల్లులు లేచాయి, మడి ధర ప్లాటు ధర అయింది. భూమి ఉన్నవాడికి కాలువ సంపద ఇచ్చింది. భూమి లేని మాకు మిల్లులో బస్తాలు మోసే పని, లారీకి పంక్చరు వేసే పని ఇచ్చింది. ఇవాళ్టి ప్లాటు ధర చూసి మేము ఎందుకు నోరు తెరుస్తామో తెలియాలంటే ఈ ఇరవై ఏళ్ల లెక్క చూడాలి.

కొనాలంటే డబ్బు ఒక్కటే అడ్డం కాదు. ఆటో నడిపేవాడికి, వెల్డింగు చేసేవాడికి జీతం చీటీ ఉండదు, కనుక బ్యాంకు అప్పు పుట్టదు. పుట్టినా, సూదు హరామని వెనకడుగు వేసే పెద్దలు మా ఇళ్లలో ఉన్నారు. అందుకే చిట్టీలు, బంగారం, గల్ఫు నుంచి తమ్ముడు పంపే పైసలు. మొహల్లాలో ఉన్న వంద గజాల ఇల్లు వారసుల మధ్య చీలి గదులవుతుంది. కొన్ని ఇళ్లు సాదాబైనామా మీదే చేతులు మారాయి. తెల్లకాగితం మీద ఇద్దరు గవాహీల వేలిముద్రలే వాటికి రక్ష. మొహల్లాలో జాగ చాలదు, మొహల్లా బయట జాగ ఇవ్వరు. మధ్యలో ఇరుక్కున్నది మా పిల్లల తరం.

మా షరియత్‌లో షుఫా అని ఒక హక్కు ఉంది. ఇల్లు అమ్మేటప్పుడు హనఫీ పద్ధతిలో పొరుగువాడికి కూడా కొనే మొదటి అవకాశం ఉండేది. ఆంగ్లేయుల కాలంలో కోర్టులు దాన్ని మన్నించాయి, కొన్ని చోట్ల హిందువులూ దాన్ని ఆచారంగా తీసుకున్నారు. 1962లో భావురామ్ కేసులో సుప్రీంకోర్టు, పొరుగు అనే కారణం మీద నడిచే షుఫా రాజ్యాంగం ముందు నిలవదని తేల్చింది. ఆస్తి అమ్మే కొనే స్వేచ్ఛకు అది అడ్డమని, వేరే మతంవాడిని, కులంవాడిని వాడకట్టులోకి రానివ్వకుండా ఆపడానికి పనికొస్తుందని ఆ తీర్పు వెనకున్న ఆలోచన. ఆ ఆలోచన సబబైనదే. కానీ ‘పక్కింటోళ్లు ఊకోరు’ అనే మాట ఏమిటి? అది కూడా షుఫాయే. కోర్టు ఫీజు లేని, కాగితం లేని, ధర చెల్లించాల్సిన పనిలేని షుఫా. పాత షుఫాలో పొరుగువాడు కనీసం డబ్బు పెట్టి కొనాలి. ఇప్పుడు తల అడ్డంగా ఊపితే చాలు.

చట్టం దీన్ని ముట్టుకోదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర వివక్షను నిషేధించింది. కిరాయి ఇల్లు ఆ జాబితాలో లేదు. గుజరాత్‌లో ‘కల్లోలిత ప్రాంతాల’ పేరుతో 1991 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఆ ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ గృహ సహకార సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని చెప్పింది. మాకు ఇల్లు కొనడం, కిరాయికి దొరకడం కష్టమవుతున్నదని 2006లో సచార్ కమిటీయే రాసింది. అమెరికాలో నల్లవాళ్లకు ఇళ్లు అమ్మకూడదనే ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 1948లో, మా వాళ్లు పల్లెలు వదిలిన ఏడాదే. ఇల్లు అమ్మడంలో, కిరాయికివ్వడంలో వివక్షను నేరుగా నిషేధించే చట్టం అక్కడ 1968లో వచ్చింది. ఇక్కడ అలాంటి చట్టం ఊసే లేదు.

మేము ఒంటరివాళ్లం కాదని కూడా మాకు తెలుసు. మాదిగ బిడ్డ, మాల బిడ్డ ఇల్లడిగితే ముందు కులం అడుగుతారు. మా మర్యాద ప్రశ్న అతని ప్రశ్న పక్కనే నిలబడాలి. అలాగే మా ఇంటి లోపలికీ చూసుకోవాలి. దూదేకుల సంబంధమంటే మొహం తిప్పుకునే సయ్యదులు మాలో లేరా? తనకు దక్కాల్సిన వాటాను అన్నలకు ‘మాఫ్’ చేయమని చెల్లెలిని ఒప్పించే ఇళ్లు లేవా? మొహల్లా మాకు రక్షణ ఇచ్చింది నిజమే. అదే మొహల్లా మా ఆడపిల్లల కాలేజీ దారిని, మా మగపిల్లల చూపును కురచ చేసింది కూడా నిజమే. రక్షణ పేరుతో దాన్ని మేమే గోడగా మార్చుకుంటే, బయటివాళ్లు కట్టిన గోడకు మరో వరస ఇటుకలు పేర్చినట్టే.

ఇదే నేలలో పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి జనం పోటెత్తుతారు. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. అక్కడ మొక్కుకొని కన్న పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేరు పెట్టుకుంటారు. ఈ జిల్లాలో ఏ కులంలోనైనా ఒక సైదులు ఉంటాడు. కొడుక్కి మా పీరు పేరు పెట్టుకున్న ఇంటివాళ్లే, సయ్యద్ వచ్చి కిరాయి ఇల్లడిగితే పక్కింటివాళ్ల మీదికి నెట్టడం మాకు అర్థం కాదు. మొక్కు తీర్చే సాయిబు కావాలి, పక్కింట్లో సాయిబు వద్దా?

మేము దయ అడగడం లేదు. అమ్మేవాడు ధర చెప్పాలి, మేము ఇవ్వగలిగితే కొంటాం, లేకపోతే ముందుకు పోతాం. కిరాయికిచ్చేవాడు అడ్వాన్సు అడగాలి, పేరు కాదు. ఇంటి కిరాయిల్లో మతం, కులం చూడటం తప్పని చట్టం రాయమని శాసనసభను అడుగుతున్నాం. అది వచ్చేలోపు, ‘పక్కింటోళ్లు’ అనే ఆ కనిపించని మనుషులను, అంటే ఈ పుస్తకం చదివే మిమ్మల్ని కూడా, ఒక్కటి అడుగుతున్నాం. మీ పేరు మీద మాకు ఇల్లు లేదంటున్నారు. ఆ మాట మీరే అన్నారా? అనకపోతే, ఇంటాయనకు వెళ్లి చెప్పండి.