అమలు శాస్త్రంలో కొలమానాల మదింపు

మేలైనదని పరిశోధనలో రుజువైన చికిత్స, ఆసుపత్రుల్లోనూ బడుల్లోనూ ఎందుకు నిలదొక్కుకుంటుందో, ఎందుకు మూలన పడుతుందో వెతికేది అమలు శాస్త్రం. సిబ్బంది దాన్ని ఒప్పుకున్నారా, తమ చోటికి తగినదనుకున్నారా అన్నవి ఎక్కువగా ప్రశ్నావళులతోనే తెలుస్తాయి. ఆ ప్రశ్నావళులను ఎంతవరకు నమ్మవచ్చో, పనిచేసే చోట ఎంతవరకు వాడవచ్చో తేల్చడమే ఈ మదింపు.

దీని మూలాలు మనస్తత్వశాస్త్రంలో ఉన్నాయి. ప్రశ్నల మధ్య పొందికను లెక్కగట్టే ఆల్ఫా గుణకం లీ క్రాన్‌బాక్ 1951లో రాసిన వ్యాసంతో ప్రాచుర్యం పొందింది. అనుకున్న భావననే కొలుస్తున్నామా అనే సప్రమాణత చర్చను 1955లో ఆయన, పాల్ మీల్ కలిసి ముందుకు తీసుకెళ్లారు. అమలు శాస్త్రం వీటికి చాలా తర్వాతిది. 'ఇంప్లిమెంటేషన్ సైన్స్' పత్రిక మొదలైంది 2006లో. ఆమోదం, స్వీకరణ, సాధ్యత, ఖర్చు వంటి ఎనిమిది ఫలితాలను ఎనోలా ప్రాక్టర్ బృందం 2011లో నిర్వచించింది. కొలవవలసినవేమిటో తేలింది గానీ కొలిచే సాధనాలు బలహీనంగానే ఉన్నాయి. చాలావాటిని ఒక్క అధ్యయనం కోసం తయారుచేసి వదిలేశారు. 2015లో కారా లూయిస్ బృందం 104 సాధనాలను లెక్కతేల్చింది. వాటిలో 50 ఒక్క ఆమోదానికి సంబంధించినవే.

అసలు మలుపు 2013లో వచ్చింది. కొలమానం శాస్త్రీయంగా గట్టిదైతే చాలదు, రోగులను చూస్తూనే నింపగలిగేదిగా ఉండాలని రస్సెల్ గ్లాస్గో, విలియం రైలీ వాదించారు. ఈ వాదన న్యాయమైనది. నింపే తీరికే లేని నర్సు చేతిలో వంద ప్రశ్నల పత్రం పెడితే వచ్చే జవాబులకు ఏ గణాంకమూ విలువ తేలేదు. 2017లో బైరన్ పావెల్ బృందం, ఈ రంగంలోని వారినే అడిగి, వాడుకకు సంబంధించిన 47 లక్షణాలను నాలుగు గుంపులు చేసింది: ఆమోదయోగ్యత, పనితీరుతో పొందిక, సులువు, ఉపయోగం. అదే ఏడాది బ్రయాన్ వీనర్ బృందం ఆమోదం, తగినతనం, సాధ్యతలకు నాలుగేసి ప్రశ్నల చిన్న కొలమానాలను రూపొందించింది.

శాస్త్రీయ గట్టిదనం, వాడుకలో సులువు అనే ఈ రెండు దారులను కలిపింది 'పేపర్స్' అనే మార్కుల పద్ధతి. ఇందులో పొందిక, సప్రమాణత వంటి తొమ్మిది సైకోమెట్రిక్ (కొలత నాణ్యత) లక్షణాలతో పాటు ఖర్చు, భాష సులువు, ప్రశ్నల సంఖ్య, శిక్షణ భారం, ఫలితాల అన్వయం కూడా లెక్కకు వస్తాయి. ఒక్కోదానికి -1 నుంచి 4 వరకు మార్కులు. పరీక్షించగా నాసిరకమని తేలితే -1, సమాచారమే లేకపోతే సున్నా. ఈ తేడా పాటించడం చాలా అవసరం. ఎందుకంటే 2020 నాటి సమీక్షలోనూ, ఎన్నో కొలమానాలకు చాలా లక్షణాలపై ఆధారాలే దొరకలేదు.