కొలిచే బియ్యం, తూచే బియ్యం

గోదావరి డెల్టాలో బియ్యానికి ముందు వచ్చింది కొలత, ఆ తర్వాతే తూకం. ద్రాక్షారామ భీమేశ్వరుడి గుడి శాసనాల్లో అఖండదీపానికి రోజూ మానెడు నెయ్యి పోసే ఏర్పాట్లు కనిపిస్తాయి. ధాన్యం లెక్కలూ అదే తీరున కొలపాత్రల్లో సాగాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆపైన నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. సోల దాటాక కుంచం దాకా అన్నీ రెట్టింపులే కనుక అక్షరం రానివాడికీ పంపకం తప్పేది కాదు. పొలాన్ని కూడా చల్లే విత్తనాన్ని బట్టి ఏదుము (ఐదు తూముల) చేను, పుట్టి చేను అనేవారు. కమ్మరి, కుమ్మరి మేరలు కళ్ళంలోనే కొలిచి ఇచ్చేవారు.

ఆ కళ్ళంలో కొలిచేవాడు మొదటి కుంచం పోస్తూ ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. రెండు, మూడు ఆ తర్వాత వచ్చేవి. లాభం ఎవరిదో మాత్రం కుంచం అంచు దగ్గరే తేలేది. గోపురంలా పోస్తే ఒక లెక్క, అంచుకు సరిగ్గా గీస్తే ఇంకో లెక్క. పైగా ఊరికో కుంచం. పాత కొలతల అసలు బలహీనత ఇదేనని నాకనిపిస్తుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, ఇంజనీరు ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువల మీదుగా ధాన్యం పడవలెక్కి ఊరు దాటింది. ముఖం తెలియని కొనుగోలుదారుకు మన ఊరి కుంచంతో పనిలేదు, తూకం కావాలి. వీశె, మణుగు అప్పటికే బెల్లానికీ చింతపండుకూ వాడుకలో ఉన్నాయి. 40 పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, అంటే సుమారు 11.3 కిలోలు. 1956 తూనికలు, కొలతల చట్టం 1958 నుంచి విడతలుగా అమలై, 1962 నాటికి కిలో తప్పనిసరి అయింది. రైతు దిగుబడిని 75 కిలోల బస్తాల్లో చెప్పసాగాడు. ఆ బస్తా మరాడిస్తే సుమారు 50 కిలోల బియ్యం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడంతో రేషన్ షాపు ముందు నిలబడిన ప్రతి ఇంటికీ కిలో నోటికి పట్టింది.

వంటింట్లో మాత్రం సోల కదల్లేదు. గంజి వార్చే రోజుల్లో ఎసరుకు కొలతే అక్కర్లేదు, మిగిలింది వార్చేస్తే సరి. అత్తెసరు పెట్టేవాళ్ళకే నీళ్ళ లెక్క కావాల్సి వచ్చేది. 1959 తర్వాత ప్రెషర్ కుక్కర్లు, ఆపైన కరెంటు కుక్కర్లు వచ్చి అందరినీ అత్తెసరు బాట పట్టించాయి. కరెంటు కుక్కర్‌తో వచ్చే కప్పు జపాన్ వారి పాత కొలత ‘గో’, 180 మిల్లీలీటర్లు. అందులో పట్టే బియ్యం సుమారు 150 గ్రాములు. అమెరికాలోని మన పిల్లలు వాడే 240 మిల్లీలీటర్ల కప్పులో 200 గ్రాముల దాకా పడతాయి. కిలో బియ్యానికి లీటరూ పావు గిన్నె కావాలి.

చిక్కు నీళ్ళ దగ్గర వస్తుంది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి, లీటరు బియ్యం తూగవు. అందుకే కప్పుకు రెండు కప్పులన్న మాట కాటా మీద ఒకటికి రెండు కాదు. 150 గ్రాముల బియ్యానికి 360 గ్రాముల నీళ్ళు, అంటే ఒకటికి దాదాపు రెండున్నర. బియ్యాన్ని తూచి, నీళ్ళనూ తూచి రెండింతలే పోసినవారికి అన్నం పలుకుగా మిగులుతుంది. ఒకే గ్లాసుతో రెండూ కొలిచే మన ఇల్లాళ్ళకు ఈ బాధ లేదు. గ్లాసు ఎంతదైనా నిష్పత్తి మారదు.

గింజ మారినా లెక్క కొంత కదులుతుంది.   బొద్దు గింజ గ్లాసులో దగ్గరగా సర్దుకుని కొంచెం ఎక్కువ తూగుతుంది, పొడవాటి బాస్మతి తక్కువ తూగుతుంది. ఇక బియ్యం వయసు కాటాకూ తెలియదు, సోలకూ తెలియదు. సంక్రాంతి నాటి కొత్త బియ్యానికి రెండు కప్పులు పోస్తే ముద్దవుతుంది, కాస్త తగ్గించాలి. ఏడాది నిలవున్నవైతే అదే కప్పుకు అర కప్పు అదనంగా పోయాలి.