చౌక టార్క్ రెంచి, వీల్ నట్ల బిగింపు: బస్తర్ దారుల నేపథ్యం

టార్క్ రెంచి అంటే నట్టును తిప్పే బలాన్ని కొలిచి చూపే పానా. మామూలు పానా బిగించడం వరకే చేస్తుంది, ఎక్కడ ఆపాలన్నది చేతికి వదిలేస్తుంది. టార్క్ రెంచి ఆ ఆపే చోటును అంకెలో చెబుతుంది. బజారులో రెండు మూడు వేల రూపాయలకు దొరికే రెంచీలున్నాయి, దానికి ఐదారింతలు పలికేవీ ఉన్నాయి. కార్లు, జీపులు, పికప్‌ల వీల్ నట్లకు చౌకది చాలు. లారీలకు చాలదు. ఎందుకన్నది తెలియాలంటే రెంచి కన్నా ముందు నట్టునూ, అది తిరిగే దారులనూ చూడాలి.

బస్తర్ దారులు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్‌కు రైలు ఉంది గానీ, అది ప్రధానంగా ఇనుప ఖనిజం కోసం వేసిన రైలు. 1960లలో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం బైలాడిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేరుస్తుంది. బియ్యం, సిమెంటు, జగదల్‌పూర్ మండీ చింతపండు, మనుషులు ఎక్కువగా రోడ్డునే నమ్ముకున్నారు. జాతీయ రహదారి 30 రాయ్‌పూర్ వైపు నుంచి కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా మీదుగా శబరి ఒడ్డున ఉన్న కోంటాకు దిగుతుంది. అక్కడ రాష్ట్రం మారి చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం దాటి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. అందుకే ఈ దారిలో పంక్చర్ షాపుల ముందు తెలుగు, హిందీ, హల్బీ కలగలిసి వినిపిస్తాయి. పానా, జాకీ, స్టెప్నీ మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే.

వీల్ నట్టుకు ఈ ప్రాంతంలో పరీక్షలు మూడు. మొదటిది ఘాట్లు. కేశ్‌కాల్ ఘాట్‌లో రోడ్డు 12 మలుపులు తిరిగి దిగుతుంది. జగదల్‌పూర్–సుక్మా మధ్య దర్భా ఘాట్ ఉంది. దిగువకు బ్రేకు మీద వచ్చిన బండి చక్రాలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. రెండోది ఎర్రమట్టి, ఇనుప ఖనిజం ధూళి. అది మరల్లో చేరి కూర్చుంటుంది. మూడోది వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసి ఆరి, తడిసి ఆరి, నట్టు ఎక్కే మరల కడ్డీకి, అంటే స్టడ్డుకు, తుప్పు పడుతుంది. బిగింపు లెక్కను ఈ మూడూ తారుమారు చేస్తాయి.

బిగించినప్పుడు ఏం జరుగుతుంది

చక్రం స్టడ్ల మీద వేలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. నట్టు బిగిసినకొద్దీ స్టడ్డు వెంట్రుకవాసి సాగి, రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు చక్రాన్ని, అది కూర్చునే హబ్బుకు అదిమి పెడుతుంది. చక్రానికీ హబ్బుకూ మధ్య ఏర్పడే రాపిడే బండి బరువునూ బ్రేకు దెబ్బనూ మోస్తుంది. అదుము తగ్గిందా, చక్రం హబ్బు మీద అటూ ఇటూ కదలడం మొదలవుతుంది. ప్రతి గుంతకూ స్టడ్డు వంగి లేస్తుంది, చివరికి అలసి విరుగుతుంది. విరిగిన స్టడ్డును చూసి ఎక్కువ బిగించారేమో అంటారు గానీ, సాధారణంగా కథ మొదలయ్యేది వదులు దగ్గర.

లెక్క సులువే. నట్టును తిప్పిన బలాన్ని స్టడ్డు వ్యాసంతోనూ, రాపిడికి సంబంధించిన ఒక గుణకంతోనూ భాగిస్తే లాగుడు వస్తుంది. పొడి ఉక్కుకు ఆ గుణకాన్ని సుమారు 0.2గా తీసుకుంటారు. 12 మిల్లీమీటర్ల స్టడ్డును 100 న్యూటన్ మీటర్ల తిప్పే బలంతో బిగిస్తే దాదాపు 42 వేల న్యూటన్ల లాగుడు పుడుతుంది. అంటే ఒక్కో స్టడ్డు నాలుగు టన్నులకు పైగా అదుముతోందన్నమాట.

ఇక్కడే అసలు మెలిక. చెయ్యి పెట్టిన శ్రమలో సుమారు సగం నట్టు అడుగున రాపిడికి పోతుంది. ఇంకో నలభై పాళ్లు మరల రాపిడికి పోతాయి. స్టడ్డును సాగదీయడానికి మిగిలేది పదో వంతు. కాబట్టి రాపిడి కాస్త మారినా అదుము చాలా మారుతుంది. ఒకే అంకెకు బిగించిన నట్ల మధ్య కూడా అదుములో పాతిక, ముప్పై శాతం తేడా రావడం మామూలే. మట్టి నిండిన మరలో, పెట్టిన అంకె రాగానే రెంచి టిక్కుమంటుంది గానీ చక్రానికి అందాల్సింది అందదు. వదులుగా తిరుగుతుందని గ్రీజు పూస్తే గుణకం 0.15కు పడిపోతుంది, అదే అంకెకు లాగుడు మూడో వంతు పెరుగుతుంది. తయారీదారు పుస్తకంలో గ్రీజు రాయమని లేకపోతే స్టడ్లు పొడిగానే ఉండాలి.

ఇంత ఊగిసలాట మధ్య రెంచి తప్పు నాలుగు శాతమా, ఎనిమిది శాతమా అని తగువు పడటం ఏనుగు వెళ్ళిపోయాక తోకను పట్టుకోవడమే. ఇనుప బ్రష్షుతో శుభ్రం చేసిన మరల మీద చౌక రెంచి, మట్టి పట్టిన మరల మీద ఖరీదైన రెంచి కన్నా నమ్మకమైన బిగింపు ఇస్తుంది.

తయారీదారులు కూడా ఇది తెలిసే అంకెలిస్తారు. మారుతి చిన్న కార్లలో చాలావాటికి 85 న్యూటన్ మీటర్లు. హ్యుందాయ్ కొత్త మోడళ్లలో పలు బండ్లకు 107 నుంచి 127 వరకు. ఈ రెండో అంకెల జత గమనించదగ్గది. మధ్యలోని 117 నుంచి అటూ ఇటూ ఎనిమిది శాతానికి పైగా తేడాను కంపెనీయే ఒప్పుకుంటోంది. కచ్చితంగా తెలుసుకోవాల్సింది బండి పుస్తకంలోని అంకె. పాత పుస్తకాల్లో అది కేజీ-మీటర్లలో ఉంటుంది. దాన్ని 9.8తో గుణిస్తే న్యూటన్ మీటర్లు. దిగుమతి రెంచీల మీద ఉండే పౌండు-అడుగుల గీతలను 1.36తో గుణించాలి. గీతల వరుసలు కలగాపులగమై 85 పౌండు-అడుగులకు పెట్టేస్తే నట్టు మీద 115 న్యూటన్ మీటర్లు పడుతుంది.

చేతి అంచనా

చౌక రెంచికి అసలు పోటీ ఖరీదైన రెంచితో కాదు, ఎల్ పానాతో. కారుతో వచ్చే ఎల్ పానా పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుందాం. 60 కిలోల మనిషి దాని చివర ఎక్కి నిలబడితే 147 న్యూటన్ మీటర్లు. మీటరు పైపు తొడిగి 40 కిలోల బలంతో లాగితే 390 దాటుతుంది. 8.8 తరగతి ఉక్కుతో చేసిన 12 మిల్లీమీటర్ల స్టడ్డు తిరిగి యథాస్థితికి రాగల హద్దు సుమారు 53 వేల న్యూటన్లు. పొడి మరల్లో ఆ హద్దు 130 న్యూటన్ మీటర్ల దగ్గరే వస్తుంది. దాన్ని దాటితే స్టడ్డు సాగి అలాగే ఉండిపోతుంది, లేదా మర జారిపోతుంది. పైపు వేసి బిగించిన నట్టు రాత్రివేళ అడవి దారిలో పంక్చరైనప్పుడు ఊడి రాదు. ఇదీ ఒక ప్రమాదమే, లెక్కలో ఎవరూ రాయరు.

గాలి గన్నుతో బిగించే షాపుల్లో తేడా ఇంకా ఎక్కువ. కంప్రెసర్ ఒత్తిడి, ట్రిగ్గరు నొక్కిన సెకన్లు ఎంతైతే అంత బిగింపు. గన్నుతో బిగించాక టార్క్ రెంచి పెట్టి టిక్కుమనిపించి చూపిస్తారు. నట్టు అప్పటికే 200కు బిగిసి ఉంటే 90కి పెట్టిన రెంచి వెంటనే టిక్కుమంటుంది. ఆ శబ్దం నట్టు వదులుగా లేదని మాత్రమే చెబుతుంది, ఎక్కువ కాలేదని చెప్పదు. గన్ను పని నట్టును చక్రం మీద దాని సీటు దాకా తేవడంతో ఆగాలి.

పరికరం పుట్టుక, రకాలు

న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ భూగర్భ గొట్టాల బోల్టులు మితిమీరి బిగియకుండా 1918లో టార్క్ రెంచిని తయారుచేశాడని చెబుతారు. కార్ల కర్మాగారాలకు ఇది ఇంజను హెడ్డు బోల్టుల అవసరంతో వచ్చింది. చక్రాల దగ్గరకు తర్వాత చేరింది.

చౌక రకాలు ముఖ్యంగా రెండు. ముల్లు రకంలో కడ్డీ వంగుతుంటే పక్కనున్న సన్నటి ముల్లు గీతల మీద అంకె చూపిస్తుంది. అందులో అరిగేది ఏమీ లేదు, ముల్లు సున్నా దగ్గర నిలిస్తే చాలు. చక్రం పక్కన వంగి అంకె చదవడం ఇబ్బంది, అంతే. టిక్కు రకంలో లోపలి స్ప్రింగును పిడి తిప్పి అదుముతారు, పెట్టిన అంకె రాగానే టిక్కుమంటుంది. వాడకం సులువు. కానీ స్ప్రింగు అలసిపోగలదు, లోపల గ్రీజు ఎండిపోగలదు. దుమ్ము ప్రాంతంలో ఏడాదికి నాలుగైదు సార్లు వాడే ఇంటివారికి ముల్లు రకం మేలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. బజారు మాత్రం టిక్కుకే ఓటేసింది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789 ప్రకారం 10 న్యూటన్ మీటర్లకు మించిన సామర్థ్యమున్న, గీతలు చూసి సర్దుకునే టిక్కు రెంచి నాలుగు శాతానికి మించి తప్పకూడదు. పరీక్ష సామర్థ్యంలో 20, 60, 100 శాతాల దగ్గర చేస్తారు. ఏడాదికో, 5,000 బిగింపులకో ఒకసారి మళ్ళీ సరిచూడాలి. చౌక రెంచి పెట్టె మీద కూడా ఇదే నాలుగు శాతం రాసి ఉంటుంది. ఖరీదైనదానితో తేడా ఆ అంకెలో కాదు, దాని వెనుక నిలబడే హామీలో, ఒక రెంచికీ ఇంకో రెంచికీ మధ్య నిలకడలో, రాచెట్ పళ్ల ఉక్కులో ఉంటుంది. చౌకది ఎక్కువగా తడబడేది సామర్థ్యం అడుగు భాగంలో. 200 దాకా ఉన్న రెంచిని 30కి పెడితే టిక్కు వినపడకపోవచ్చు. వీల్ నట్లకు పని 85–130 మధ్య, అంటే దాని నడిమి భాగంలో. కొత్త చౌక రెంచి అక్కడ పది శాతం తప్పినా, 90కి పెట్టినప్పుడు 81కీ 99కీ మధ్య ఉంటుంది. ఎల్ పానా మీద నిలబడటంతో పోలిస్తే ఇది గోరంత తేడా. ఇదే రెంచిని అల్యూమినియం ఇంజను హెడ్డు మీద వాడమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వరు.

బక్కెట నీళ్ల పరీక్ష

ప్రయోగశాలలకు జాతీయ గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఆమోదమున్న ప్రయోగశాలలో రెంచిని సరిచూపించవచ్చు. కానీ బీజాపూర్ నుంచో కోంటా నుంచో విశాఖకో హైదరాబాద్‌కో పంపి తెప్పించుకునే ఖర్చుకు ఇంకో చౌక రెంచి వచ్చేట్టుంటుంది. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రెంచి చతురస్రపు మొనను బెంచి వైసులో గట్టిగా పట్టించి, పిడి నేలకు సమాంతరంగా ఉండేలా చూడాలి. మొన మధ్య నుంచి పిడి మధ్య వరకు కొలవాలి. అర మీటరు రెంచిలో అది సుమారు 40 సెంటీమీటర్లు. అక్కడ కిలో బరువున్న బక్కెటలో 20 లీటర్ల నీళ్లు పోసి తాడుతో మెల్లగా దించాలి. 21 కిలోలు, 0.4 మీటరు, 9.8 గుణిస్తే 82 న్యూటన్ మీటర్లు. రెంచి సొంత బరువు ఇంకో రెండు మూడు కలుపుతుంది. మొత్తం 85, అచ్చంగా మారుతి అంకె. రెంచిని 80కి పెడితే టిక్కుమనాలి, 90కి పెడితే అనకూడదు. నీళ్ల కొలత మీద అనుమానముంటే కిరాణా కొట్లో తూనికల శాఖ ముద్ర ఉన్న ఇనుప గుండ్లు అడిగి తెచ్చుకోవచ్చు.

వాడే తీరు

చక్రం చల్లారాక బిగించాలి. ఘాట్ దిగిన వెంటనే కాదు. హబ్బు ముఖం, చక్రం వెనుక భాగం, మరలు బ్రష్షుతో తుడవాలి. నట్లు చేత్తో తిప్పి, చక్రం గాలిలో ఉండగానే సీటుకు చేర్చి, కిందికి దించాక ఎదురెదురుగా, ఐదు నట్లయితే నక్షత్రం గీసినట్టు, రెండు విడతల్లో బిగించాలి. పిడి మధ్యలో పట్టుకుని మెల్లగా లాగి, మొదటి టిక్కుకే ఆపాలి. ఇంకోసారి టిక్కుమనిపించడం అలవాటైన చేతులకు ఇదే కష్టం. నట్లు విప్పడానికి టార్క్ రెంచి వాడకూడదు. పని అయ్యాక స్ప్రింగును అడుగు గీత దాకా వదులు చేసి పెట్టాలి. 50–100 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూడాలి. జగదల్‌పూర్‌లో చక్రం మార్చినవారికి కొండగావ్ ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

లారీలు

పది స్టడ్ల లారీ చక్రంలో 22 మిల్లీమీటర్ల స్టడ్లకు 600 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు కావాలి. అర అంగుళం మొన ఉన్న చౌక రెంచి సాధారణంగా 200 దగ్గరే ఆగుతుంది. దానికి పైపు తొడిగితే అంకె తప్పుతుంది, రెంచీ విరుగుతుంది. లారీకి ముప్పావు అంగుళం మొన, మీటరు పొడవు ఉన్న పెద్ద రెంచి కావాలి, అది చౌకగా రాదు. కొన్ని పాత లారీల ఎడమ చక్రాలకు ఎడమ వాటం మరలుంటాయి. ఒకే దిక్కుకు కొలిచే టిక్కు రెంచి వాటి మీద ఎంత లాగినా టిక్కుమనదు. లారీ చక్రం ఊడిపోవడం ఎంత ప్రమాదమంటే, కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1997లో దాన్ని ఏ సాకూ చెల్లని నేరంగా చట్టం చేసింది.

పెద్ద రెంచి లేని యజమాని చేయగలిగింది, రెంచి ఉన్న షాపులో ఒకసారి సరిగ్గా బిగించి, నట్టు నుంచి రిమ్ము మీదికి పెయింటుతో ఒక గీత గీయడం. నట్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది. కేశ్‌కాల్ ఘాట్‌లోని తేలిన్ మాత గుడి దగ్గర దండం పెట్టుకోవడానికి బండి ఆపిన డ్రైవరు, మళ్ళీ ఎక్కే ముందు ఒకసారి చుట్టూ తిరిగితే ఆ గీతలన్నీ కంటికి కనిపిస్తాయి.